పదకొండు గుంటల రాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగ పట్టడం చేతకాని మనిషి ఒక్కడే ఉండేవాడు, మా తాతయ్య. ఎవరైనా ఆయన్ని తిట్టి పోతే, పాపం ఎండనపడి వచ్చాడు కాబోలు అనేవాడు. ఆయన వాటా కోపం కూడా కలుపుకుని పుట్టింది మా మేనత్త. రూపంలో నేను తాతయ్య పోలికంటారు గానీ బుద్ధి మాత్రం అత్తదే. డెబ్బై దగ్గర పడ్డా ఒక మనిషిని క్షమించకుండా ఉండగలుగుతున్నానంటే అది ఆవిడ పెంపకం. ఆ మనిషి కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారు. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి ప్రాచీన సంస్కృతి మీద ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఆయన పేరు రాయను.

మాది రేపల్లెకి దక్షిణాన, కృష్ణ సముద్రంలో కలిసే వైపున్న చిన్న పల్లె. ముప్ఫై గడపలు ఉండేవి, అందరం చేపల మీద బతికేవాళ్ళం. నాన్న పడవ మీద వేటకి వెళ్ళేవాడు. అత్త మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసింది. గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె వెళ్ళి, అక్కడ పాసింజరు ఎక్కి తెనాలి దాకా చేపలు అమ్ముకుని వచ్చేది. తాతయ్య చూపు తగ్గాక వేట మానేసి, ఇంటి దగ్గరే వలలు బాగుచేస్తూ, వల అంచుకి కట్టే సీసపు గుండ్లు పోస్తూ ఉండేవాడు.

ఆ గుండ్లు పోసేది ఒక తెల్లరాతి మీద. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు ఉండేది. తాతయ్య వయసులో ఉండగా ఏటిగట్టు విరిగిన చోట బురదలో దొరికిందట. ఒక వైపు సగం పద్మం చెక్కి ఉంది, మిగతా సగం ఎప్పుడో విరిగిపోయింది. రెండో వైపు చదును. ఆ చదునులో తాతయ్య ఉలితో చిటికెన వేలంత గుంటలు తొలిచాడు. గుంటలో సన్నటి ఇనప పుల్ల పెట్టి కరిగిన సీసం పోస్తే, చల్లారాక నడిమధ్య బెజ్జంతో గుండు ఊడి వచ్చేది. రాయికి పిసరంత తడి ఉన్నా సీసం చిటపటలాడి మొహాన పడుతుంది. అందుకని ముందు రోజంతా దాన్ని ఎండలో పెట్టేవాళ్ళు. కోళ్ళూ పిల్లలూ దాని మీదికి రాకుండా కాపలా కాయడం నా పని.

గుంటలు పన్నెండు తొలుద్దామనుకున్నాడట. పదకొండోది తొలుస్తుంటే ఇంట్లోంచి "ఆడపిల్ల!" అని కేక వినబడింది. ఉలి జారింది, ఆ గుంట చివర తోకలా కాస్త పక్కకి తిరిగింది. ఉలి అక్కడే పడేసి లోపలికి పరిగెత్తినవాడు పన్నెండోది మళ్ళీ మొదలుపెట్టనే లేదు. ఆ పుట్టిన ఆడపిల్లే మా అత్త. ఆ ఏడు మా వాళ్ళకి చేప విరగబడిందట. అప్పట్నుంచి పల్లెలో ఎవరు కొత్త వల కట్టినా మొదటి గుండు ఆ వంకర గుంటలో పోసిందే కట్టాలి, అదీ మా తాతయ్య చేత్తో కట్టించుకోవాలి. కొత్త బట్ట పెట్టి, తాంబూలం ఇచ్చి మరీ పిలిచేవాళ్ళు. తాతయ్యకి దక్కిన గౌరవం అంతా అదే, ఆయన కోరుకున్నదీ అంతే.

నేను ఐదో తరగతి చదువుతున్న ఏడు ఆ మాస్టారు మా పల్లెకి వచ్చాడు. ఇద్దరు శిష్యుల్ని వెంటేసుకుని సైకిళ్ళ మీద వచ్చాడు. పద్మం ఉన్న రాయి ఉందని ఎవరో చెప్పారట. తాతయ్య చాప వేశాడు, కొబ్బరి బోండాలు కొట్టించాడు, భోంచేసి గానీ వెళ్ళడానికి వీల్లేదన్నాడు. పండుగప్ప చేప పులుసు పెట్టాం. మాస్టారు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. వడ్డించింది అత్త. ఆయన విస్తరి వైపు చూశాడు, రాయి వైపు చూశాడు, ఆవిడ మొహం వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

పద్మం భట్టిప్రోలు స్తూపం నాటిది కావచ్చు, దాదాపు రెండువేల ఏళ్ళ నాటిది అని చెబితే మేమంతా నోళ్ళు తెరిచాం. తాతయ్య అయితే ఆ రాయిని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత దాన్ని తిరగేసి, ఈ గుంటలున్నాయి చూశారా అండి, అని మొదలుపెట్టబోయాడు. మాస్టారు చేయి ఊపి, "అవన్నీ తర్వాత వింటాలే పెద్దాయనా" అన్నాడు. కొలతలు తీసుకుని ఫొటో తీయించి పది రోజుల్లో తెచ్చిస్తానన్నాడు. తాతయ్య తన తువ్వాల్లో రాయిని చుట్టి, దారిలో అదరకుండా కింద గడ్డి వేసి, సైకిలు వెనక తనే కట్టాడు.

పది రోజులు పోయి మూడు నెలలయింది. ఈలోగా మా వీధి చివర వాళ్ళు కొత్త వల కట్టుకున్నారు. మొదటి గుండు ఏదీ అని అడిగితే, రాయి ఇంకా తిరిగి రాలేదన్నాడు తాతయ్య. రాయిని అమ్ముకున్నాడని ఎవరో అన్నారు. మర్నాటికి అందరూ అన్నారు. ఆ వలకి తాతయ్యని పిలవలేదు, ఎక్కడో కొన్న గుండు కట్టుకున్నారు. ఆ రోజు తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని, పిలుస్తారేమోనని సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చున్నాడు. నాకు ఇప్పటికీ ఆ తెల్ల పంచె గుర్తొస్తే కళ్ళు మండుతాయి.

ఆ వారమే నన్ను తోడు తీసుకుని తెనాలి వెళ్ళాడు. ఉత్త చేతులతో వెళ్ళడం బాగోదని ఎండు రొయ్యలు పొట్లం కట్టించాడు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. మాస్టారు వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. గేటు తీయలేదు. తాతయ్య నవ్వుతూ చేతులు జోడించి, "రాయి సంగతి కనుక్కుందామని వచ్చానండి, మా వాళ్ళకి అక్కరపడిందండి" అన్నాడు.

"ఏ రాయి? అలాంటివి ఇళ్ళలో దాచుకుంటే దొంగతనం కింద లోపలేస్తారు, తెలుసా?" అన్నాడాయన, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

పక్కింటి అరుగు మీద ఉన్నవాళ్ళు మా వైపు తిరిగి చూశారు. కాసేపటికి లోపల్నించి పనిమనిషి వచ్చి గేటు సందులోంచి చేయి చాచింది. తాతయ్య పొట్లం ఇచ్చేశాడు. రొయ్యలు లోపలికి వెళ్ళాయి, మేం వెనక్కి వచ్చాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏంటో నాకు పదేళ్ళకే అర్థమైంది.

ఇంటికొచ్చాక తాతయ్య అత్తతో, సారు ఊళ్ళో లేడమ్మా, అన్నాడు. ఆయన జీవితంలో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదొకటి. నేను ఊరుకోలేదు. అత్త పెరట్లో చేపలకి పొలుసు తీస్తుంటే పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అత్త కత్తి ఆపింది. అరుస్తుందేమో అనుకున్నాను. "రొయ్యలు తీసుకున్నాడా?" అని ఒక్క మాట అడిగి మళ్ళీ పొలుసు తీయడం మొదలుపెట్టింది. ఆ చేప మీద పొలుసు అయిపోయినా ఇంకా గీకుతూనే ఉంది.

తర్వాత కొద్ది రోజులకి రేపల్లె స్టేషను గోడ మీద ఒక కాగితం అంటించారు. అత్తకి చదువు రాదు, నన్ను చదవమంది. ప్రాచీన సంస్కృతీ వైభవం మీద బహిరంగ ఉపన్యాసం, ఉపన్యాసకుడు ఆ మాస్టారు, అందరూ ఆహ్వానితులే అని ఉంది.

"అందరూ అంటే మనం కూడానా?" అంది అత్త.

"అందరూ అంటే అందరూనే అత్తా."

"అయితే పోదాం. నీ నోట్సు పుస్తకం తెచ్చుకో."

అలా నేను మొదటిసారి ఒక ఉపన్యాసానికి వెళ్ళాను, చదువు మీద ప్రేమతో కాదు. రేపల్లె లైబ్రరీ హాల్లో నలభై మంది ఉంటారు. మేం వెనక గోడకి ఆనుకుని కింద కూర్చున్నాం. నిజం చెప్పొద్దూ, ఆ మనిషి బాగా మాట్లాడాడు. ఆ కాలంలో మన ఏటి మీద ఓడలు ఎలా వచ్చేవి, భిక్షువులు ఎక్కడ ఉండేవారు, స్తూపం కింద ధాతువుల్ని, అంటే బుద్ధుడి అస్థికల్ని, ఎలా భద్రం చేసేవారు అన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. నేను రాసుకోవడం మరిచిపోయి వింటుంటే అత్త మోచేత్తో పొడిచింది. అప్పుడు మా రాయి ఫొటో పైకెత్తి చూపించాడు. ఏటి ఒడ్డున ఎన్నో కష్టాలు పడి తానే వెలికితీశానన్నాడు. ఆలస్యమైతే ఆ చుట్టుపక్కల అజ్ఞానులు చేపలు తోముకునే బండగా వాడేసేవారన్నాడు. హాలంతా నవ్వారు. ఆ తర్వాత ఫొటోలో గుంటలు చూపించి, ఇవి భిక్షువులు దీపాలు పెట్టుకున్న గుంటలు కావచ్చు, అడుగున నల్లటి మసి కూడా ఉంది, అన్నాడు.

అది మసి కాదు, సీసం. నేను లేచి అరవబోయాను. అత్త కొంగుతో నా నోరు మూసి, ఉపన్యాసం అయిపోయేదాకా తీయలేదు.

తిరుగు దారిలో ఏడుస్తూ అడిగాను, ఎందుకు చెప్పనివ్వలేదని. "కావచ్చు అన్నాడు విన్నావా? కావచ్చు అన్నోణ్ణి పట్టుకుంటే పొరపాటు పడ్డానంటాడు. గాలం చేప మూతికి తగిలింది, ఇంకా మింగలేదు" అంది అత్త. ఆ రోజు నుంచి పొద్దు గూకేవేళ నన్ను కూర్చోబెట్టి నా నోట్సు చదివించుకునేది. ఒకసారి కాదు, పదిసార్లు. స్తూపం, శాసనం, ధాతువు, పద్మపీఠం అన్నీ ఆవిడకి నోటికొచ్చేశాయి. చేపలు అమ్ముతూ కూడా గొణుక్కునేది. వింటూ వింటూ నాకూ వచ్చేశాయి. క్లాసులో టీచరు అడక్కముందే చెప్పేదాన్ని.

రెండో ఉపన్యాసం బాపట్లలో అని తెలిసి బస్సెక్కాం. ఈసారి ఎక్కువ మంది వచ్చారు. మాస్టారి రాయి కూడా అప్పటికి పెరిగింది. కావచ్చు అన్నమాట పోయి, సందేహం లేదు అన్నమాట వచ్చింది. గుంటలు పదకొండే ఎందుకున్నాయో ఆయనకి తెలిసిపోయింది, పదకొండు మంది భిక్షువులట. చివరి గుంట వంకరగా ఉండటంలోనే అసలు రహస్యం ఉందట. దాని తోక స్తూపం ఉన్న దిక్కుని చూపిస్తుందట. మా అత్త పుట్టిన కేక విని జారిన ఉలి, ఆయన నోట్లో పడి శిల్పాచార్యుడి సంకేతం అయింది. చప్పట్లు మోగాయి. నేను పక్కకి చూస్తే అత్త కూడా చప్పట్లు కొడుతోంది.

అంతటితో ఆగలేదు. సభ అయ్యాక తిన్నగా ఆయన ముందుకెళ్ళి నిలబడింది. మా ఇంట్లో తనకి వడ్డించిన మనిషిని గుర్తుపడతాడేమోనని నేను అత్త వెనక్కి నక్కాను. ఆయన మొహంలో మొహం పెట్టి చూశాడు, గుర్తుపట్టలేదు. అత్త చేతులు జోడించి, "ఆ వంకర గుంట దిక్కు చూపిస్తుందంటే ఒళ్ళు జలదరించిందండి. అది నిజంగా ఆ కాలందేనాండి?" అని అడిగింది.

"రవ్వంత కూడా అనుమానం లేదమ్మా."

"ఫొటోలో ఏం కనబడుద్దండి మాబోటోళ్ళకి. ఆ రాయినే ఒక్కసారి చూపిస్తే దీపం పెట్టుకుని కళ్ళకద్దుకుంటామండి."

ఆయన ఉబ్బిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళతో, చదువులేని వాళ్ళకి కూడా మన సంస్కృతి మీద ఎంత భక్తో చూడండి అన్నాడు. వచ్చే నెల తెనాలిలో పెద్ద సభ ఉందని, నీ కోసం రాయినే తెప్పిస్తా రమ్మని మాటిచ్చాడు. అత్త వంగి దణ్ణం పెట్టింది. బస్సులో కూర్చున్నాక, "మింగాడు" అంది.

తెనాలి సభకి వెళ్ళే రోజు అత్త చేపలు అమ్మలేదు. తలంటుకుని, పెట్టెలోంచి చీర తీసి కట్టుకుంది. గంపలో మాత్రం ఏదో పెట్టి పైన గుడ్డ కప్పింది. హాలు కిక్కిరిసి ఉంది. ప్లీడర్లు, మాస్టర్లు, కాలేజీ పిల్లలు అందరూ వచ్చారు. మేం ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కింద కూర్చుంటే పక్కనున్నావిడ గంప వాసనకి ముక్కు మూసుకుని జరిగి కూర్చుంది. వేదిక మీద ఎర్రగుడ్డ పరిచిన బల్ల, దాని మీద మా రాయి ఉంది. దాని అంచున నల్లరంగుతో ఒక నంబరు వేశారు. మా తాతయ్య ఎండలో పెట్టి కాపాడుకున్న రాయిని అలా చూసేసరికి నాకు దుఃఖం ఆగలేదు. అత్త నా చెయ్యి పట్టుకుని, ఏడిస్తే ఇంటికి పంపించేస్తానంది.

సభకి అధ్యక్షుడు ఒక రిటైరైన హెడ్మాస్టరు. మాస్టారికి శాలువా కప్పారు. ఆయన గంటసేపు మాట్లాడాడు. బాపట్లలో చెప్పిందంతా చెప్పి, ఆ పదకొండు దీపాల మీద ఒక పుస్తకం రాస్తున్నానని కూడా చెప్పాడు. చివర్లో ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నారు. అత్త లేచి నిలబడింది. మాస్టారు దూరం నుంచే గుర్తుపట్టి, ఈసారి గుర్తుపట్టాడు మరి, "రామ్మా రా, దీపం పెట్టుకుంటానన్నావుగా" అని తనే వేదిక మీదికి పిలిచాడు.

అత్త గంపతో మెట్లెక్కింది. గుడ్డ తీసి నూనె గిన్నె తీస్తుందనుకున్నారు అందరూ. తీసింది వల. అది మా తాతయ్య వల, అంచు పొడుగునా సీసపు గుండ్లు వేలాడుతున్నాయి. ఆవిడ తొందరపడలేదు. మొదటి గుండు తీసి మొదటి గుంటలో పెట్టింది. సరిగ్గా పట్టింది. రెండోది రెండో దాంట్లో పెట్టింది. ఒక్కో గుంటకీ ఎత్తుపల్లాలు వేరు, ఏ గుండు ఏ గుంటదో మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. మూడోది పెట్టేసరికి వెనక వరసల వాళ్ళు లేచి నిలబడ్డారు. ఐదోది పెట్టేసరికి ఎవరో నవ్వారు. పదోది పెట్టాక అత్త ఆగి, వలలోంచి తోక తిరిగిన గుండు విడిగా పట్టుకుని మాస్టారి వైపు చాచింది.

"ఇది మీరు పెట్టండయ్యా. దిక్కు చూపించేది మీరే కదా."

ఆయన పెట్టలేదు. హెడ్మాస్టరు దాన్ని అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, వంకర గుంటలో పెట్టాడు. గుండు చడీ చప్పుడు లేకుండా కూర్చుంది. అప్పుడు హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ నవ్వు రేపల్లెలో విన్న నవ్వులాంటిదే, కాకపోతే ఈసారి అది మా మీద కాదు. నేను కూడా నవ్వాను. పొట్ట నొప్పెట్టేదాకా, కసి తీరా నవ్వాను.

మాస్టారు తేలు కుట్టిన దొంగలా కాసేపు నిలబడి, ఇదంతా ఎవరో గిట్టనివాళ్ళు నేర్పించి పంపారన్నాడు. అత్త ఆయన వైపు తిరిగింది. "మా ఇంట్లో పండుగప్ప పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. వడ్డించింది నేనండి. మా నాన్న గుంటల సంగతి చెప్పబోతే తర్వాత వింటానన్నారు. ఇప్పుడు విన్నారుగా. రొయ్యలు బాగున్నాయాండి?"

హెడ్మాస్టరు చేయెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. "గుంటలు ఎవరు తొలిచారమ్మా?" అని అడిగాడు. అత్త తన తండ్రి పేరు ఇంటిపేరుతో సహా, చివరి వరసకి వినబడేలా చెప్పింది. ఏటిగట్టున రాయి దొరికింది కూడా ఆయనకే అని చెప్పింది. "మరి రెండో వైపు పద్మం?" అన్నాడు హెడ్మాస్టరు.

"అది ఎవరు చెక్కారో మాకు తెలీదండి. తెలీదు కాబట్టి మేం ఎవరికీ ఏం చెప్పలేదండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు వందన సమర్పణ దాకా ఉండకుండా పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు, శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది. హెడ్మాస్టరు స్వయంగా రాయిని ఎత్తి గంపలో పెట్టాడు. ఆ తర్వాత ఆ మనిషి ఈ మూడు ఊళ్ళలో ఎక్కడ మైకు ముందు నిలబడ్డా వెనక నుంచి ఎవరో ఒకరు, సారూ గుండ్లు తెచ్చారా, అని అడిగేవారట. రెండేళ్ళకి ఉపన్యాసాలు మానేశాడు. పుస్తకం రానే లేదు. ఆ కబురు తెలిసిన రోజు అత్త మా అందరికీ పాయసం వండింది.

తిరుగు పాసింజర్లో అత్త గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంతోషంగా ఉందా అని అడిగితే, "చాల్లేదే" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. అంత మంది నవ్వాక ఇంకా ఏం కావాలి అనుకున్నాను.

పల్లెలోకి అడుగుపెట్టాక తిన్నగా ఇంటికి రాలేదు. గంప నెత్తిన పెట్టుకుని ముప్ఫై గడపల ముందూ తిరిగింది. ఏ గడప ముందు ఎవరు ఏమన్నారో ఆవిడకి తెలుసు. ప్రతి గడప ముందూ గంప దించి, గుడ్డ తీసి, రాయి చూపించి, మళ్ళీ ఎత్తుకుంది. కొందరు తలుపులు వేసుకున్నారు, కొందరు ఏడ్చారు. వారం తిరక్కుండా వీధి చివర వాళ్ళు కొత్త బట్టా తాంబూలం పట్టుకొచ్చి, కొన్న గుండు విప్పేసి, తాతయ్య చేత మొదటి గుండు మళ్ళీ కట్టించుకున్నారు.

తాతయ్య మాత్రం మమ్మల్ని నిరాశపరిచాడు. రాయిని తడిమి తడిమి చూసుకుని, ఆ సారు ఏమయ్యాడని అడిగాడు. నేను ఎగిరెగిరి గంతులేస్తూ అంతా చెప్పాను. పాపం, నలుగురిలో అలా చేయకుండా ఉండాల్సిందమ్మా, అన్నాడు. కాసేపు ఆలోచించి, "పదకొండు దీపాలనుకున్నాడా? బాగానే ఉంది ఆలోచన" అన్నాడు. ఆ కార్తీకమాసంలో రాయిని శుభ్రంగా కడిగి, పదకొండు గుంటల్లో నూనె పోసి, వత్తులు వేసి నిజంగానే దీపాలు వెలిగించాడు. వంకర గుంటలో కూడా పెట్టాడు. పల్లె పల్లెంతా చూడ్డానికి వచ్చారు. చాలా అందంగా ఉందని ఒప్పుకోక తప్పదు. అత్త రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు.

తాతయ్య పోయేదాకా ఏటేటా అలా వెలిగిస్తూనే ఉన్నాడు. నేను కాలేజీలో ఉండగా వచ్చిన ఉప్పెనలో మా పల్లె లేకుండా పోయింది. ఆ రోజు అత్త తెనాలిలో ఉండబట్టి బతికింది, మా వాళ్ళలో అందరూ బతకలేదు. రాయి ఎక్కడి బురదలోంచి వచ్చిందో అదే బురదలోకి వెళ్ళిపోయింది. అత్త చివరి రోజుల్లో నా దగ్గరే, అంగలకుదురులో ఉండేది. నేను సోషల్ టీచరునయ్యాను. పగ తీర్చుకోవడానికి కంఠతా పట్టిన పాఠమే నాకు అన్నం పెట్టింది. ఆ సంగతి ఆ మాస్టారికి తెలిసి ఉంటే ఎంత మండిపోయేవాడో అనుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

ఇప్పటికీ చుట్టుపక్కల ఎక్కడ ప్రాచీన సంస్కృతి మీద ఉపన్యాసం జరిగినా వెళ్తాను. మోకాళ్ళ నొప్పులున్నా ఆటో మాట్లాడుకుని వెళ్తాను. ఇప్పుడు ఫొటోలు తెర మీద వేస్తున్నారు. మొన్న తెనాలిలో ఒక కుర్రాడు ఒక శిల్పం ఫొటో వేసి, ఇది స్థానికులకి పొలంలో దొరికింది, అన్నాడు. లేచి, ఆ స్థానికుల పేరేంటి నాయనా, అని అడిగాను. తెలీదండి మామ్మగారూ, కూర్చోండి, అన్నాడు. స్థానికులకి పేర్లుండవా, తెలుసుకుని చెప్పేదాకా కూర్చోను, అన్నాను. నిర్వాహకులకి నా సంగతి తెలుసు, మైకు నా వైపు రానివ్వరు. నాకు మైకు అక్కర్లేదు, నలభై ఏళ్ళు బడిలో అరిచిన గొంతు. ఆ కుర్రాడు మంచివాడు. వారం తిరిగాక ఫోన్ చేసి, ఆ పొలం దున్నిన రైతు కూలీ పేరు కనుక్కుని చెప్పాడు. ఆ పేరు నా నోట్సులో రాసుకున్నాను.

అత్త పాసింజర్లో చాల్లేదే అన్నది ఎందుకో నాకు ఇప్పుడు తెలుసు. నవ్విన వాళ్ళందరికీ గుండ్ల సంగతి గుర్తుంది, చేపల గంపావిడ గుర్తుంది. ఆవిడ గట్టిగా చెప్పిన పేరు ఆ హాల్లో ఎవరికీ గుర్తులేదు. కావాలని తర్వాత చాలామందిని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఎప్పుడో ఒకప్పుడు ఆ రాయి మళ్ళీ బయటపడుతుంది. గుంటల్లో సీసం మరకలుంటాయి. వాటి మీద, మా తాతయ్య పుణ్యమా అని, ఇప్పుడు దీపాల మసి కూడా ఉంటుంది. చూసినవాళ్ళు మళ్ళీ భిక్షువులంటారు, మళ్ళీ దిక్కులంటారు. అందుకని ఇదంతా రాసి పెడుతున్నాను. ఇంతా రాసి నేను కూడా తాతయ్యా తాతయ్యా అంటూ వచ్చాను గానీ పేరు చెప్పలేదు. ఆ మాస్టారు చేసిన తప్పే నేనూ చేయబోయాను. ఏటిగట్టు బురదలో ఆ రాయి దొరికింది నాంచారయ్యకి. గుంటలు తొలిచింది నాంచారయ్య. కూతురు పుట్టిందన్న కేక విని ఉలి జారింది నాంచారయ్య చేతిలో. తనని దొంగ అన్నవాడి మాట బాగుందని దీపాలు వెలిగించింది నాంచారయ్యే. ఆ మాస్టారి పేరు నాకు ఇంటిపేరుతో సహా గుర్తుంది, మూడు ఊళ్ళలో అంటించిన కాగితాల మీద నేనే చదివాను. ఆయన మూడు సభల్లో మా తాతయ్య పేరు చెప్పలేదు. నేను ఆయన పేరు ఎక్కడా చెప్పను.